గాజులిచ్చిన తాతమ్మ

మా తాతమ్మ గాంధీగారికి చేతి గాజులు తీసి ఇచ్చేసిందట అని మీ ఇంట్లోనూ చెప్పుకుంటారేమో! అది నిజమో కాదో ఎప్పుడైనా వెదికి చూశారా?

1921లో బెజవాడలో కూడిన అఖిల భారత కాంగ్రెసు సంఘం తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగుచేయాలని తీర్మానించింది. మన స్త్రీలెందరో నగలు ఒలిచి ఇచ్చారు. ఇలాంటి సంగతులు వెదకాలంటే ఆనాటి పత్రికలు తిరగేయాలి. బందరులో 1902లో పుట్టిన కృష్ణాపత్రిక, మద్రాసులో 1914 నుంచి దినపత్రికగా వచ్చిన ఆంధ్రపత్రిక ముందు చూడండి. 1918లో వెలసిన వేటపాలెం సారస్వత నికేతనం పాత పత్రికలకు పుట్టిల్లు లాంటిది.

ఒక్క చిక్కుందండోయ్! తాతమ్మ పేరుతో వెదికితే దొరక్కపోవచ్చు. "ఫలానావారి భార్య" అని రాయడం ఆనాటి మర్యాద. అంచేత ముత్తాతగారి ఇంటిపేరు, ఊరు, ఉద్యోగం ముందుగా కనుక్కోండి. పెద్దవాళ్ళు "దుర్మతిలో" అన్నారా, 1921-22 అని లెక్క వేసుకోండి.

గాజుల సంగతి పత్రికలో దొరికినా, ఆవిడ పేరు ఇంట్లోనే దొరకాలి. పెద్దావిడ ఎవరైనా ఉంటే ఇవాళే అడిగి రాసి పెట్టండి. లేకపోతే రేపు మన మునిమనవరాళ్ళకు మనమూ ఫలానావారి భార్యలుగానే మిగిలిపోతాం!