దీపం కింద పంట

1880 మార్చిలో లండన్ రాయల్ సొసైటీ సభ్యుల ముందు విలియం సీమెన్స్ తన తోట సంగతులు చెప్పాడు. విద్యుత్ పరిశ్రమలో ఆయనది పెద్ద పేరు. టన్‌బ్రిడ్జ్ వెల్స్ దగ్గర తన ఎస్టేటులో డైనమో తిప్పించి, 1,400 కొవ్వొత్తుల కాంతి గల ఆర్క్ దీపాన్ని రాత్రిళ్లు మొక్కల మీద వెలిగించాడు. ఆవాలు, క్యారెట్, చిక్కుడు, దోస, కర్బూజ అన్నిటినీ పరీక్షించాడు. పగలు ఎండ, రాత్రి దీపం రెండూ తగిలిన మొక్కలు ఏపుగా పెరిగాయి. మొక్కకు రాత్రి విశ్రాంతి అక్కర్లేదని ఆయన తీర్మానించాడు.

ఆ తీర్మానం నిలవలేదు. దీపం కింద పంట తీసే విద్యలో సగం, చీకటిని అర్థం చేసుకున్నాకే మనిషికి పట్టుబడింది.

1890ల మొదట్లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో లిబర్టీ హైడ్ బెయిలీ అదే పని గాజు గృహంలో చేశాడు. లెట్యూస్ ముందే కోతకొచ్చింది. పాలకూర మాత్రం ఆకు వేయడం మానేసి, కాడ తీసి గింజకట్టింది. ఆకు అమ్ముకునే రైతుకు అది నష్టమే. దీపం మొక్కను పెంచడంతో ఆగడం లేదు, దాని కాలాన్నే మార్చేస్తోంది.

ఎలా మారుస్తోందో చెప్పిన తొలి మొక్కల్లో గంజాయి ఒకటి. ఫ్రాన్స్‌లో జూలియన్ టూర్నువా హాప్స్ తీగనూ గంజాయినీ చలికాలంలో విత్తితే, అవి ఇంకా చిన్నగా ఉండగానే పూతకొచ్చాయి. వెలుతురు గంటలు తగ్గించి పరీక్షించాడు. పగలు కురచ కావడం కన్నా రాత్రి సాగడమే అసలు కారణమని 1914లో రాశాడు. అదే ఏడు మొదలైన ప్రపంచ యుద్ధం ఆయన్ను పొట్టన పెట్టుకుంది. వృక్షశాస్త్రం ఆయనకు దక్కాల్సిన పేరును సరిగా దక్కనివ్వలేదు.

ఆ పేరు ఎక్కువగా ఇద్దరు అమెరికన్లకు వెళ్లింది. వాషింగ్టన్ పక్కనే ఆర్లింగ్టన్‌లోని ప్రభుత్వ పొలంలో గార్నర్, అల్లార్డ్‌లను మేరీలాండ్ మామత్ అనే పొగాకు రకం సతాయిస్తోంది. మనిషిని మించి పెరుగుతుంది, వేసవంతా పూయదు. చలికాలంలో గాజు గృహంలో పెడితే మాత్రం పూస్తుంది. 1918 జూలైలో వాళ్లు పొలంలోనే వెలుతురు చొరని చిన్న గది కట్టారు. సాయంత్రం నాలుగింటికి పొగాకు, సోయా మొక్కలను లోపలికి చేర్చడం, మర్నాడు తొమ్మిదింటికి బయట పెట్టడం, ఇదే పని. గదిలో పడుకుని లేచిన మొక్కలు పూశాయి. బయట ఉన్నవి పూయలేదు. 1920లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

చీకటి మాటను 1938లో శాస్త్రవేత్తలు హామ్నర్, బానర్ రూఢి చేశారు. వాళ్లు వాడింది మన పొలం గట్ల మీద బట్టలకు అంటుకునే ముళ్లకాయల మరులమాతంగిని. రాత్రి నడుమ కాసేపు దీపం వెలిగిస్తే చాలు, పూత ఆగిపోయింది. పగటి నడుమ కాసేపు చీకటి చేస్తే ఏ తేడా రాలేదు. మన చామంతి, గోగు కూడా ఈ కోవకు చెందినవే. రాత్రులు సాగాకే పూతకొస్తాయి. చామంతి సాగులో రాత్రి దీపాలు పెట్టి పూతను వాయిదా వేయడం, నల్ల గుడ్డ కప్పి ముందుకు జరపడం ఈ పరిశోధనల నుంచే వచ్చాయి.

1960ల్లో అధిక పీడన సోడియం దీపం వచ్చింది. వీధులకు పసుపు వెలుగిచ్చిన ఆ దీపమే గాజు గృహాల్లోకీ చేరింది. 1983లో కాలిఫోర్నియాలో హెలికాప్టర్లతో గంజాయి తోటల వేట మొదలయ్యాక సాగుదారులు ఇళ్లలోకి మళ్లారు. నెత్తిన వెయ్యి వాట్ల సోడియం దీపం. పెరిగే దశలో రోజుకు 18 గంటల వెలుగు, పూతకు 12 గంటల వెలుగు, 12 గంటల చిమ్మచీకటి. తలుపు సందులోంచి వెలుగు జారినా పూత తడబడుతుందని వాళ్లు గడప కింద గుడ్డలు కుక్కారు. టూర్నువా చెప్పినదే నేలమాళిగల్లో నిత్య వ్యవహారమైంది.

అయితే సోడియం దీపం వెలుగుతో పాటు వేడినీ కుమ్మరిస్తుంది. ఆ వేడి తీయడానికి ఏసీలు, ఏసీలకు మళ్లీ కరెంటు. అమెరికా విద్యుత్తులో సుమారు 1 శాతం, ఏడాదికి 600 కోట్ల డాలర్ల విలువైనది, ఇళ్లలోపలి గంజాయి సాగుకే పోతోందని పరిశోధకుడు ఇవాన్ మిల్స్ 2012లో అంచనా కట్టాడు. ఎండ ఉచితంగా కాసే నేలమీద ఇంత కరెంటు తగలేయడం సమర్థించలేని ఖర్చు.

పరిష్కారం అంతరిక్ష పరిశోధన వైపు నుంచి వచ్చింది. వ్యోమనౌకలో కూరగాయలు పెంచాలన్న నాసా ఆలోచన ఆసరాతో విస్కాన్సిన్ శాస్త్రవేత్తలు ఎర్ర ఎల్ఈడీల కింద లెట్యూస్ పెంచి 1991లో ఫలితాలు ప్రకటించారు. నీలి కాంతిని మాత్రం ట్యూబులైటు నుంచి తెచ్చుకున్నారు, అప్పటికి తగినంత ప్రకాశమున్న నీలి ఎల్ఈడీ లేదు. 1993లో జపాన్‌లో షూజీ నకమురా ఆ లోటు తీర్చాడు. ఇప్పుడు లెక్క ఒక జౌల్ కరెంటుకు మొక్క వాడుకోగల కాంతి కణాలు ఎన్ని మైక్రోమోళ్లు అన్నది. మంచి సోడియం దీపం ఇచ్చేది 1.7 మైక్రోమోళ్ల చుట్టుపక్కల. మేలురకం ఎల్ఈడీ 3 దాకా ఇస్తుంది, వేడి తక్కువ కనుక ఏసీ బిల్లూ తగ్గుతుంది.

దిగుబడి సంగతీ తేలింది. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం 2021లో ప్రచురించిన పరీక్షలో వెలుగు పెంచిన కొద్దీ గంజాయి పూల బరువు సూటిగా పెరుగుతూ పోయింది, మత్తు పదార్థం శాతం మాత్రం మారలేదు. ఇంకా వెలిగించాలన్న ఆశకు అందుకే అంతుండదు. దానికి కళ్లెం వేయడం ప్రభుత్వాల పనే. భారతదేశంలో 1985 చట్టం ప్రకారం అనుమతి లేని గంజాయి సాగే నేరం. సాగుకు అనుమతి ఉన్న కాలిఫోర్నియా 2023 జనవరి నుంచి, 40 కిలోవాట్లకు మించి దీపాలు వాడే కొత్త ఇండోర్ తోటలకు జౌల్‌కు కనీసం 1.9 మైక్రోమోళ్ల షరతు పెట్టింది. పాత సోడియం దీపాల్లో చాలావరకు ఆ గీటు దాటలేవు.