కాలజ్ఞత, మాత్రజ్ఞత: కదిర్కామం నుండి చూచిన వికాల భోజన నియమ చరిత్ర

పుదుచ్చేరి పట్టణంలో వళుదావూర్ రోడ్డు మీద ఉన్న కదిర్కామం నేడు ప్రధానంగా ఒక వైద్యక్షేత్రం. ఇందిరాగాంధీ ప్రభుత్వ వైద్య కళాశాల 2010లో ఇక్కడ ఆరంభమైనది. తమిళులు శ్రీలంకలోని కతరగామను కూడ ఈ పేరుతోనే పిలుస్తారు. అక్కడ స్కందుని ఆలయానికి దాపుననే కిరివెహెర స్తూపం ఉన్నది. బౌద్ధ చరిత్ర చదివేవారికి ఆ విధంగా ఈ పేరు కొత్తది కాదు.

యానాం తెలుగువారికి కూడ పరిపాలనా కేంద్రమైన ఈ పట్టణాన్ని ఒక ఆరోగ్య సమస్య గట్టిగా పట్టుకొని ఉన్నది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పుదుచ్చేరిలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో సుమారు 46 శాతం మంది అధిక బరువో స్థూలకాయమో కలవారు. దేశపు సగటు 24 శాతం. బరువు తగ్గదలచినవారికి తరచుగా వినవచ్చే హితవులలో ఒకటి, రాత్రి పొద్దుపోయిన తరువాత ఏమీ తినవద్దన్నది. వినడం సులభం, పాటించడం కష్టం. పగలంతా నిగ్రహంతో గడిపినవారు కూడ రాత్రి పది దాటిన తరువాత మిక్చరు డబ్బా మూత తీస్తారు.

ఈ కష్టం ఈ కాలానికే చెందినది కాదు. రాత్రి భోజనాన్ని మానుకొనడానికి ఒక సమాజం పడిన శ్రమను, అందులో ఎదురైన అలకలను, వాదాలను, రాయితీలను దాచకుండా నమోదు చేసిన గ్రంథాలలో పాలి త్రిపిటకం అతి ప్రాచీనమైన వాటిలో ఒకటి. ఆ నమోదును వరుసగా చదివితే ఒక విషయం స్పష్టమవుతుంది. సంఘం రాత్రి ఆకలిని కేవలం మనోబలానికి వదలిపెట్టలేదు. తినే వేళను, నిల్వను, పరిసరాన్ని కూడ అది సరిదిద్దింది.

మజ్ఝిమ నికాయంలోని లటుకికోపమ సుత్తంలో ఉదాయి స్థవిరుడు గతాన్ని తలచుకొంటాడు. పూర్వం భిక్షువులు సాయంకాలమూ ఉదయమూ తినేవారు, పగలు అవేళలో కూడ తినేవారు. బుద్ధుడు మొదట పగటిపూట అవేళ భోజనాన్ని మాత్రమే మాన్పించాడు. రాత్రి భోజనాన్ని మాన్పించినది ఆ తరువాతనే. రెండు సందర్భాలలోను తనకు మనస్తాపం కలిగిందని ఉదాయి ఒప్పుకొంటాడు. దానికి అతడు చెప్పిన కారణం గృహస్థుల జీవితం నుండి వచ్చినది. రుచికరమైన వంటలలో ఎక్కువ భాగం రాత్రి కొరకే సిద్ధమయ్యేవి. పగలు మంచి కూర దొరికినా, రాత్రి అందరూ కలిసి తినవచ్చునని దానిని దాచి ఉంచేవారు. నేటి ఇండ్లలో కూడ కుటుంబమంతా ఒకచోట కూర్చొనేది రాత్రివేళనే. కనుక రాత్రి భోజనం మీది మమకారం నాలుకకు మాత్రమే సంబంధించినది కాదు, తోడుకు సంబంధించినది కూడ. మానదలచినవారు ముందుగా గుర్తించవలసిన అంశమిది.

చీకటిలో భిక్షకు వెళ్ళడం వలన కలిగిన అనర్థాలను కూడ ఉదాయి వివరిస్తాడు. భిక్షువులు మురుగుగుంటలలో పడేవారు, ముండ్లపొదలలో చిక్కుకొనేవారు, నిద్రించే ఆవుల మీద తూలిపడేవారు. ఒకనాడు పాత్ర కడుగుతున్న ఒక స్త్రీ మెరుపు వెలుగులో భిక్షువును చూచి పిశాచమనుకొని కేక పెట్టింది. నియమం పుట్టుకలో ఆరోగ్యంతో పాటు భద్రత, మర్యాద, దాతల సౌకర్యం కలిసి ఉన్నవని దీనివలన తెలుస్తున్నది.

నియమాన్ని అందరూ సంతోషంగా స్వీకరించలేదు. కీటాగిరి సుత్తంలో అస్సజి, పునబ్బసుకులనే భిక్షువులు, తాము సాయంకాలమూ ఉదయమూ పగలు అవేళలోను తిని ఆరోగ్యంగానే ఉన్నామని, కంటికి కనిపించే సుఖాన్ని ఎందుకు వదులుకోవాలని వాదించారు. భద్దాలి సుత్తంలోని కథ మరింత సున్నితమైనది. ఒకే ఆసనంలో భుజించడం వలన రోగాలు తగ్గి, శరీరం తేలికపడి, బలమూ సుఖమూ కలుగుతాయని బుద్ధుడు చెప్పినప్పుడు, అట్లా ఉంటే తనకు బెంగ కలుగుతుందని భద్దాలి నిరాకరించాడు. ఆహ్వానం లభించిన చోట కొంత తిని కొంత తెచ్చుకొని తరువాత తినవచ్చునని రాయితీ చూపినా అంగీకరించలేదు. వర్షావాసం మూడు నెలలు బుద్ధుని ఎదుటికే రాలేదు. చివరకు తోటి భిక్షువుల మందలింపుతో వచ్చి తప్పు ఒప్పుకొన్నాడు. అతనిని ఆపినది ఆకలి కాదు, ఆకలి వేస్తుందేమోనన్న భయం. రాత్రి తిండి మానదలచిన ఎందరికో ఈ భయం పరిచయమే.

వినయ పిటకంలో ఈ క్రమం శిక్షాపదంగా స్థిరపడినది. పాలి ప్రాతిమోక్షంలోని 37వ పాచిత్తియం మధ్యాహ్నం దాటినది మొదలు మరునాటి అరుణోదయం వరకు భోజనాన్ని నిషేధిస్తుంది. రాజగృహంలో గిరగ్గసమజ్జ అనే ఉత్సవానికి వెళ్ళిన పదునేడుగురు భిక్షువుల బృందం దీనికి నిదానం. వెంటనే వచ్చే 38వ పాచిత్తియం ఆహారాన్ని నిల్వ చేసికొని తినడాన్ని నిషేధిస్తుంది. ఆనందుని ఉపాధ్యాయుడైన బేలట్ఠసీసుడు భిక్షాన్నాన్ని ఎండబెట్టి దాచుకొని, అవసరమైనప్పుడు నానబెట్టి తినేవాడు. అతనిలో జిహ్వాచాపల్యం లేదు. తరచుగా ఊరిలోనికి వెళ్ళనవసరం లేకుండ చేసికొన్న ఏర్పాటది. అయినను నియమం ఏర్పడినది. ఈ రెండు శిక్షాపదాలను పక్కపక్కన చదివినప్పుడే వాటి బలం తెలుస్తుంది. వేళ దాటిన తరువాత తినవద్దన్న నియమాన్ని, చేతికందే దూరంలో ఆహారం ఉండకూడదన్న నియమం కాపాడుతున్నది.

కాని వినయం దేహాన్ని దండించలేదు. మామిడి, నేరేడు, ద్రాక్ష మొదలైన ఎనిమిది విధాల పానకాలను మధ్యాహ్నం తరువాత కూడ అనుమతించినది. రోగులకు నేయి, వెన్న, నూనె, తేనె, బెల్లం అనే ఐదింటిని ఏడు దినాల వరకు ఉంచుకొని వాడుకొనే వీలు కల్పించినది. నియమం ఎంత గట్టిదో, రోగి పట్ల దయ అంత స్పష్టమైనది.

పరినిర్వాణానికి సుమారు నూరేండ్ల తరువాత వైశాలిలో తలెత్తిన పది వివాదాంశాలలో ఒకటి ద్వంగుల కల్పం. మధ్యాహ్నపు నీడ రెండు అంగుళాలు జరిగే వరకు తినవచ్చునని వజ్జి భిక్షువులు అన్నారు. ఏడు వందల మంది పాల్గొన్న సంగీతి ఆ వాదాన్ని త్రోసిపుచ్చింది. రెండు అంగుళాల నీడ కొరకు అంత చర్చ ఎందుకని తోచవచ్చు. అలవాటు జారిపోయేది ఇటువంటి చిన్న సడలింపుల ద్వారానే అన్నది ఆనాటి స్థవిరుల అనుభవం కావచ్చు.

ఈ నీడ లెక్క కదిర్కామంలో మరొక రూపం దాల్చుతుంది. వైశాలిలో సూర్యుడు ఎన్నడూ సరిగా నడినెత్తికి రాడు. సుమారు 12 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్న పుదుచ్చేరిలో ఏప్రిల్ మూడవ వారం చివరలో ఒకసారి, ఆగస్టు మూడవ వారం చివరలో మరొకసారి మధ్యాహ్నపు నీడ కాలి క్రిందనే అణగిపోతుంది. గడియారం చూచి నియమం పాటించే భిక్షువులు మరొకటి గమనించాలి. భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల రేఖాంశానిది కాగా పుదుచ్చేరి దానికి పడమరగా ఉన్నది. అందుచేత ఇక్కడ నిజమైన మధ్యాహ్నం సగటున 12 గంటల 11 నిమిషాలకు వస్తుంది. ఫిబ్రవరి నడుమ అది సుమారు 12.25 వరకు జరుగుతుంది, నవంబరు మొదట్లో 12 కంటె ముందే, సుమారు 11.54కు, ముగుస్తుంది. నవంబరులో గడియారపు పన్నెండును నమ్మి భుజించినవారు తెలియకుండానే వేళ దాటినవారవుతారు.

వినయం దక్షిణాపథంలో వేళ్ళూనుకొన్న ఆధారాలు తెలుగునాట విస్తారంగా ఉన్నవి. నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరంలో ఉపాసిక బోధిసిరి వేయించిన శాసనం తామ్రపర్ణి స్థవిరులను పేర్కొంటున్నది, సింహళ విహారాన్ని ప్రస్తావిస్తున్నది. విశాఖపట్నం చేరువనున్న తొట్లకొండలో నివాసపు గదులకు వేరుగా భోజనశాల, వంటశాల బయల్పడినవి. పండుకొనే చోటు వేరు, తినే చోటు వేరు అన్న వినయ దృష్టికి ఆ కట్టడపు అమరిక సరిపోతున్నది. ఇక పుదుచ్చేరికి ఉత్తరాన ఉన్న కాంచీపురాన్ని బుద్ధఘోషుడు మనోరథపూరణి ముగింపులో పేర్కొన్నాడు. దక్షిణాన కావేరీ తీరపు చోళదేశంలో బుద్ధదత్తుడు వినయవినిచ్ఛయాన్ని రచించాడు. వినయ వ్యాఖ్యానం వర్ధిల్లిన ఆ రెండు ప్రాంతాల నడుమనే నేటి పుదుచ్చేరి ఉన్నది.

కాలనియమం ఒక్కటే చాలదని సంయుత్త నికాయంలోని దోణపాక సుత్తం చెబుతున్నది. కోసల రాజు ప్రసేనజిత్తు ద్రోణం కొలత అన్నం తిని, ఆయాసంతో రొప్పుతూ బుద్ధుని దర్శనానికి వచ్చాడు. ఆహారంలో మితి తెలిసినవానికి బాధలు తగ్గుతాయని, ముసలితనం నెమ్మదిగా వస్తుందని బుద్ధుడు ఒక గాథ చెప్పాడు. రాజు వెనుక నిలిచి ఉన్న సుదస్సనుడనే యువకుడు ఆ గాథను నేర్చుకొని, దినమునకు నూరు కార్షాపణాల జీతం మీద, భోజన సమయంలో రాజుకు వినిపించేవాడు. రాజు చివరి ముద్ద అందుకొన్నప్పుడు గాథ చదవాలని, రాజు వదలిన ఆ ముద్ద మేరకు మరునాడు బియ్యం తగ్గించాలని ఏర్పాటైనట్లు అట్ఠకథ వివరిస్తుంది. క్రమంగా రాజు నాళిక కొలత అన్నానికి దిగివచ్చాడు. శరీరం తేలికైన తరువాత తన అవయవాలను చేతితో నిమురుకొంటూ సంతోషించాడు. ఆ కథలో ఉపవాసం లేదు, ఆహారం మీద ద్వేషం లేదు. ఉన్నవి మూడే: సరియైన క్షణంలో గుర్తుచేసే ఒక గొంతు, రోజుకు ఒక ముద్ద తగ్గింపు, ఓర్పు.

ఆధునిక పరిశోధన ఈ రెండు సూత్రాలను వేరువేరుగా పరీక్షించినది. 1955లో ఆల్బర్ట్ స్టంకార్డ్ అనే వైద్యుడు స్థూలకాయుల్లో కొందరికి రాత్రి అతిగా తినడం, నిద్రలేమి, ఉదయం ఆకలి లేకపోవడం కలిసి ఉండడాన్ని ఒక వ్యాధిలక్షణంగా వర్ణించాడు. 2022లో బోస్టన్‌లో అధిక బరువు గల 16 మందికి అదే ఆహారాన్ని సుమారు నాలుగు గంటలు ఆలస్యంగా ఇచ్చి చూచినప్పుడు ఆకలి పెరిగినది, శరీరం ఖర్చు చేసే శక్తి తగ్గినది. కాని అదే ఏడాది వెలువడిన చైనాలోని గ్వాంగ్‌జౌ అధ్యయనం మరొక వైపు చూపినది. 139 మంది స్థూలకాయులు ఏడాదిపాటు తక్కువ ఆహారం తీసికొన్నారు. వారిలో ఉదయం ఎనిమిది నుండి సాయంకాలం నాలుగు వరకు మాత్రమే తిన్నవారికిని, వేళ నియమం లేనివారికిని బరువు తగ్గుదలలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. వేళ ముఖ్యమే, మితి అంతకంటె ముఖ్యం.

థాయిలాండ్ సంఘం దీనికి సజీవ నిదర్శనం. మధ్యాహ్నం తరువాత భుజించని భిక్షువులలోనే అక్కడ స్థూలకాయం, మధుమేహం పెద్ద సమస్య అయినవి. దాతలిచ్చే కొవ్వు, తీపి పదార్థాలు, మధ్యాహ్నం తరువాత త్రాగే చక్కెర పానీయాలు అందుకు ముఖ్య కారణాలుగా అక్కడి పోషకాహార నిపుణులు గుర్తించారు. పానకపు అనుమతి రోగికీ అలసినవానికీ దయతో ఇచ్చినది. అది తీపి నీళ్ళకు ద్వారమైనప్పుడు శిక్షాపదం అక్షరంలో నిలిచి ఆశయంలో జారిపోతుంది. సంఘానికి దానం చేసే ఉపాసకులు కూడ ఈ బాధ్యతలో భాగస్వాములే.

కదిర్కామంలో గాని యానాంలో గాని రాత్రి తిండిని మానదలచిన గృహస్థుడు భిక్షువు కానవసరం లేదు. ఉపోసథ దినాన అష్టశీలాలు స్వీకరించే ఉపాసకులు వికాల భోజన విరమణను ఒక్కనాటికి పాటిస్తారు. నెలకు కొన్ని దినాల ఆ అభ్యాసమే ఆకలి భయాన్ని పరీక్షించి చూచే అవకాశం. మిగిలిన దినాలకు చరిత్ర చూపిన మెట్లు ఉన్నవి. ముందు ఒక పూటను సరిదిద్దడం, పడకగదికి ఆహారం చేరనీయకపోవడం, కలిసి తినే సంతోషాన్ని పొద్దుండగానే జరుపుకొనడం, గుర్తుచేసే ఒక మనిషిని ఇంటిలో ఏర్పరచుకొనడం. మధుమేహానికి ఇన్సులిన్ గాని మాత్రలు గాని వాడేవారు వైద్యుని సలహా లేకుండ రాత్రి భోజనం మానరాదు. రోగికి వినయమే మినహాయింపు ఇచ్చినది.

మాటిచ్చి తప్పినవానికి కూడ భద్దాలి కథలో చోటున్నది. మూడు నెలలు ముఖం చాటువేసిన తరువాత తప్పు ఒప్పుకొన్న అతనిని బుద్ధుడు వెళ్ళగొట్టలేదు. తప్పును తప్పుగా చూచి సరిదిద్దుకొనడమే ఆర్య వినయంలో వృద్ధి అని చెప్పి, మరల బోధ ఆరంభించాడు.