అడయారు

అడయారు దక్షిణ చెన్నైలో, అడయారు నది బంగాళాఖాతంలో కలిసేచోట దక్షిణపు గట్టున ఉన్న పాత నివాస ప్రాంతం. తమిళంలో ‘ఆరు’ అంటే మన ఏరే. ఆ లెక్కన అడయారు నది అన్నప్పుడల్లా ఏరును రెండుసార్లు పిలిచినట్టే, అయినా వాడుక వాడుకే. ఉత్తరాన నది, తూర్పున సముద్రం, దక్షిణాన తిరువాన్మియూరు, పడమటి వైపు ఐఐటీ ప్రాంగణం, గిండీ అడవి దీని ఎల్లలు. పిన్‌కోడ్ 600020. పేరు మాత్రం ఈ ఎల్లల్లో ఒదగలేదు. వంతెనకు అవతలి గట్టున, రాజా అణ్ణామలైపురం చిరునామాతో ఉన్న ఆంధ్ర మహిళా సభను కూడా తెలుగువాళ్ళు అడయారులోదనే చెప్పుకుంటారు. ఊరూరా మిఠాయి కొట్ల బోర్డుల మీద కనిపించే అడయార్ ఆనంద భవన్‌లోని అడయారూ ఇదే.

ఈ ప్రాంతపు పటం ముందు వేసుకుంటే ఒక సంగతి ఇట్టే తెలుస్తుంది. బీసెంట్ నగర్, బీసెంట్ అవెన్యూ, కస్తూర్బా నగర్, ఇందిరా నగర్, ముత్తులక్ష్మి సాలై, ఏరు దాటితే దుర్గాబాయి దేశ్‌ముఖ్ రోడ్డు. వీధులకూ పేటలకూ ఇన్ని ఆడపేర్లున్న చోటు చెన్నైలో ఇంకొకటి చూపడం కష్టం. వీటిలో కస్తూర్బా, ఇందిర పేర్లు గౌరవార్థం పెట్టినవి. మిగిలిన ముగ్గురూ ఈ చుట్టుపక్కలే ఉండి, ఇక్కడి సంస్థలను తమ చేతుల మీదుగా నిలబెట్టినవారు.

ఏరు

చెంబరంబాక్కం చెరువు ప్రాంతం నుంచి నలభై కిలోమీటర్లకు పైగా పారి వచ్చే ఈ నదిలో వానాకాలం తప్ప మిగతా రోజుల్లో పారేది ఎక్కువగా నగరపు మురుగే. మొగ దగ్గర ఇసుక మేటవేస్తుంది. మేట మూసుకుంటే వెనుక నీళ్ళు నిలిచి కంపు కొడతాయి, తెరుచుకుంటే పోటుకు సముద్రపు నీళ్ళు లోపలికి ఎక్కుతాయి. ఈ ఉప్పునీటి బురదే పక్షులకు మేతభూమి. ఉత్తరపు గట్టున మురికి పేరుకుపోయిన 58 ఎకరాల ఉప్పుటేటి నేలను బాగుచేసి 2011లో తొల్‌కాప్పియ పూంగా అనే ఉద్యానంగా తెరిచారు.

1746లో సెయింట్ జార్జి కోటను పట్టుకున్న ఫ్రెంచివారికీ ఆర్కాటు నవాబు కొడుకు మహఫుజ్ ఖాన్‌కూ పోరు జరిగింది ఈ గట్టు మీదే. ఫ్రెంచి సేనాని పారాడిస్ నాయకత్వంలో సుమారు వెయ్యిమంది, అందులోనూ చాలామంది దేశీ సిపాయిలు, ఏరు దాటి వచ్చి, తమకు అనేక రెట్లున్న నవాబు దండును తరిమేశారు. సంఖ్య కన్నా కవాతు చేసిన తుపాకీ వరుసే గెలుస్తుందని ఆ పూట ఐరోపా కంపెనీలకు అర్థమైంది. మన దేశపు తర్వాతి వందేళ్ళ కథకు ఇక్కడొక మొదలుంది. చరిత్ర పాఠాల్లో మాత్రం దీనికి ఒక వాక్యం దక్కితే గొప్ప.

2015 డిసెంబరు 1న చెంబరంబాక్కం నుంచి 29,000 క్యూసెక్కుల నీరు వదలడంతో ఏరు గట్లు తెంచుకుని కోట్టూర్‌పురం మొదలైన ఒడ్డు పేటలను ముంచింది. మురుక్కాలువలా తీసిపారేసిన ఏటికి తన దారి గుర్తుందని జనానికి ఆ రాత్రి తెలిసింది.

దివ్యజ్ఞాన సమాజం

1875లో న్యూయార్కులో బ్లావట్స్కీ, ఆల్కాట్ తదితరులు స్థాపించిన దివ్యజ్ఞాన సమాజం 1882లో ఏటి ఒడ్డున హడిల్‌స్టన్ తోటను కొని తన కేంద్రాన్ని ఇక్కడికి మార్చుకుంది. ఆ తోటే పెరిగి పెరిగి 250 ఎకరాలు దాటింది. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచినా, గోడ లోపల మాత్రం నేటికీ చిట్టడవే. అందులో హిందూ ఆలయం, మసీదు, చర్చి, బౌద్ధ మందిరం, పార్సీ మందిరం ఉన్నాయి. ఆల్కాట్ 1886లో ప్రారంభించిన అడయారు గ్రంథాలయంలో వేలాది తాళపత్రాలు భద్రంగా ఉన్నాయి.

చూడవచ్చే మామూలు జనానికి వీటన్నిటికన్నా పెద్ద ఆకర్షణ మర్రిచెట్టు. వయసు 450 ఏళ్ళు ఉంటుందంటారు. 1989లో గాలివానకు తల్లిమాను కూలిపోయింది. చెట్టు చావలేదు. నేలకు దిగిన ఊడలే మానులై, ఒక్కొక్కటీ వేరే చెట్టేమో అనిపించేలా కొమ్మలను మోస్తున్నాయి. నడిమధ్య మాను ఉండాల్సిన చోట ఖాళీ కనిపిస్తుంది. కొత్తగా చూసేవాళ్ళు ‘అసలు చెట్టేది?’ అని అడగడం సహజం.

1907 నుంచి 1933లో ఇక్కడే కన్నుమూసేదాకా సమాజానికి అనీబీసెంట్ అధ్యక్షురాలు. ఆమె కాలంలోనే తెలుగువారికి అడయారుతో అసలు ముడి పడింది. మదనపల్లెకు చెందిన జిడ్డు నారాయణయ్య రెవెన్యూ ఉద్యోగం నుంచి విరమించి, 1909లో సమాజంలో పని చూసుకుని పిల్లలతో వచ్చారు. అదే ఏడు సముద్రపు ఒడ్డున ఆడుకుంటున్న ఆయన కొడుకు కృష్ణమూర్తిని సమాజ ప్రముఖుడు లెడ్‌బీటర్ చూసి, కాబోయే జగద్గురువు ఇతడేనన్నారు. పిల్లల పెంపకం పరాయి చేతుల్లోకి పోయిందని తండ్రి కోర్టుకెక్కారు. మద్రాసు హైకోర్టులో ఆయన గెలిచారు, 1914లో ప్రీవీ కౌన్సిల్లో బీసెంట్ గెలిచారు. 1929లో కృష్ణమూర్తి తన కోసం కట్టిన సంస్థనే రద్దుచేసి అందరినీ ఒకే దెబ్బతో ఓడించారు. చివరిదాకా మద్రాసు వచ్చినప్పుడు ఆయన బస ఏటికి అవతలి గట్టునున్న వసంత విహార్‌లో.

ఆసుపత్రి, ఆశ్రయం, నాట్యం

మార్గరెట్ కజిన్స్, డొరొతీ జినరాజదాస, బీసెంట్ కలిసి 1917లో అడయారులో భారత మహిళా సంఘాన్ని పెట్టారు. ఓటు హక్కు కోసం పుట్టిన ఆ సంఘం నుంచే తర్వాత ఒక ఆసుపత్రి వచ్చింది. మద్రాసు శాసనమండలిలో మొదటి మహిళ అయిన డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి దేవదాసీ వ్యవస్థపై పోరాడుతున్న రోజుల్లో, ఆ కుటుంబాల ఆడపిల్లలు నీడ కోరి ఆమె ఇంటి తలుపు తట్టారు. వాళ్ళకోసం మొదలైన అవ్వై ఇల్లం తర్వాత అడయారులో స్థిరపడింది. చెల్లెలు కేన్సర్‌తో పోయిన దుఃఖం ఆమెను ముప్పై ఏళ్ళు వెంటాడింది. 1954లో 12 పడకలతో కేన్సర్ ఇన్‌స్టిట్యూట్ తెరిచాకగాని ఆ పట్టు వదల్లేదు. మరుసటి ఏడు చేరిన డాక్టర్ వి. శాంత 2021లో మరణించేదాకా ఆ ఆవరణనే ఇల్లు చేసుకున్నారు. నెల్లూరు, చిత్తూరు పల్లెల్లో ‘అడయారు తీసుకుపోయారు’ అంటే జబ్బేమిటో అడగరు.

రుక్మిణీదేవి అరండేల్ 1936లో ఇక్కడి చెట్లకింద మొదలుపెట్టిన నాట్య సంస్థ కళాక్షేత్రం 1962లో తిరువాన్మియూరుకు మారింది. మెలట్టూరు భాగవతమేళలోని తెలుగు ‘ఉషాపరిణయం’ దాని ప్రదర్శనల్లో ఒకటి. 1939లో దివ్యజ్ఞాన సమాజపు అతిథిగా వచ్చిన విద్యావేత్త మరియా మాంటిసోరి యుద్ధం వల్ల ఐరోపాకు తిరిగి వెళ్ళలేక, అడయారు, కొడైకెనాల్‌లలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇస్తూ 1946 దాకా ఉండిపోయారు. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి మైలాపూరులో పిల్లల బృందంతో మొదలుపెట్టి 1937లో రూపమిచ్చిన ఆంధ్ర మహిళా సభ ఏటి గట్టుకు చేరి బడులుగా, శిక్షణాలయాలుగా, ఆసుపత్రిగా విస్తరించింది.

నగర్‌లు, కాలువ

స్వాతంత్ర్యం తర్వాత తోటలు, పొలాలు లేఅవుట్లయి గాంధీనగర్, కస్తూర్బా నగర్, శాస్త్రినగర్ వెలిశాయి. ఉద్యోగులు కట్టుకున్న విడి ఇళ్ళు ఒక్కొక్కటే పడిపోయి ఫ్లాట్లవుతున్నాయి. పక్కనే 1948లో తోళ్ళ పరిశోధన సంస్థ, 1959లో ఐఐటీ వచ్చాయి. ప్రధాన వీధిని జనం ఎల్బీ రోడ్డంటారు. హైదరాబాదు నుంచి వచ్చినవాళ్ళకు లాల్ బహదూర్ గుర్తొస్తాడుగాని, ఇది లాటిస్ బ్రిడ్జి. ముత్తులక్ష్మి సాలై అనే అధికారిక నామం బోర్డుకే పరిమితం.

కేన్సర్ ఇన్‌స్టిట్యూట్ పక్కగా పోయే నల్లని మురుగు కాలువ బకింగ్‌హామ్ కాలువ. ఒకప్పుడు కాకినాడ దాకా సాగిన జలమార్గంలో ఇదొక ముక్క, కోస్తా ఆంధ్ర నుంచి ధాన్యం, కట్టెలు పడవల్లో మద్రాసు చేరింది ఈ దారినే. ఇప్పుడు దాని వెంబడి ఎమ్మార్టీఎస్ రైలు స్తంభాలు నిలబడ్డాయి.

ఒడ్డు

ఇలియట్స్ బీచ్ బీసెంట్ నగర్‌ది. మెరీనా అంత వెడల్పు లేదు, అంత తోపులాటా లేదు. ఇసుకలో తెల్లని కమాను గోడ ఒకటి ఉంటుంది. 1930 డిసెంబరు 30న ఇతరులను కాపాడబోయి మునిగిపోయిన డెన్మార్కువాడు ష్మిట్ స్మారకమది. సాయంత్రం దాని నీడన కూర్చుంటే ‘తేంగా మాంగా పట్టాణి సుండల్’ అంటూ బక్కెట్టు పట్టుకుని కుర్రాడొస్తాడు. ఉడికిన బఠానీల మీద కొబ్బరి తురుము, పచ్చి మామిడి ముక్కలు జల్లి కాగితం పొట్లంలో పోసిస్తాడు.

బీచికి ఉత్తరాన ఊరూరు, ఆల్కాట్ కుప్పాలు. ఇక్కడి అన్ని సంస్థలకన్నా పాత కాపురం సముద్రం మీద బతికే ఈ జాలరులది. 2004 సునామీలో దెబ్బతిన్నవారూ వీళ్ళే. మొగకు అవతల శ్రీనివాసపురం వైపు నడిచి వెళ్ళడానికి వీళ్ళకోసం 1967లో సన్నని వంతెన కట్టారు. పదేళ్ళకే ప్రవాహానికి నడుము విరిగింది. మళ్ళీ కట్టలేదు. మొండివంతెనగా మిగిలిన ఆ సగాన్ని సినిమావాళ్ళు చాలా పాటల్లో, పోరాటాల్లో వాడుకున్నారు. జాలరులు మాత్రం అవతలికి పోవాలంటే రోడ్డెక్కి, తిరు.వి.క. వంతెన దాకా చుట్టు తిరిగి రావాల్సిందే.