పటాలం బడి, రాజ్యం బాకీ

బీచుపల్లి గురుకులం పిల్లలకు పటాలం అంటే నౌకరి. మన చరిత్రలో పటాలం అంటే బడి కూడా. కుంపిణీ సైన్యంలో చేరిన అంటరాని కులాల ఇండ్లకు అక్షరం అక్కడే దొరికింది. అంబేడ్కర్ తండ్రి రాంజీ సుబేదారు, సైనిక బడిలో పంతులు. 1890ల నాటికి ‘యుద్ధ జాతుల’ సిద్ధాంతంతో మనోళ్లకు ఆ తలుపు మూసిన్రు. కొలువుతో పాటు బడీ పోయింది.

1944లో అమెరికా తన సైనికులకు కాలేజీ ఖర్చులిచ్చే చట్టం చేసింది. కాగితం మీద రంగు తేడా లేదు. కానీ దక్షిణాదిన తెల్లవాళ్ల కాలేజీలు నల్ల సైనికులను రానియ్యలేదు. నల్లవాళ్ల కాలేజీల్లో సీట్లు చాలలేదు. ఇరాక్ యుద్ధకాలంలో, 2003లో మరో చట్టం వచ్చింది. చదువు మధ్యలో యుద్ధానికి పిలిచిన రిజర్వు సైనికులకు విద్యారుణంలో వెసులుబాటు ఇచ్చింది. కాలేజీ గడప తొక్కి, అప్పు పుట్టినోళ్లకే అది అందుతుంది.

మన దగ్గర 2022లో అగ్నిపథ్ ప్రకటించిన్రు. నాలుగేండ్ల కొలువు; నూటికి 25 మందినే ఉంచుకుంటారు; మిగిలినోళ్లకు పింఛను లేదు. చేతికొచ్చే సేవానిధిలో సగం వాళ్ల జీతంలో కోసిందే. ఆ జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్లో పోలీసు కాల్పులకు ఒక యువకుడు బలయ్యాడు.

చదువుకునే వయసులో నాలుగేండ్లు తీసుకున్న రాజ్యం ఆ చదువుకు బాకీ పడ్డట్టే. దాన్ని దయగా కాదు, హక్కుగా అడగాలని మేమంటున్నాం. అప్పు మాఫీతో ఆ బాకీ తీరదు. తిరిగొచ్చినోనికి కాలేజీలో సీటు, ఫీజు, హాస్టలు, మూడూ దక్కాలి.