ఓడ జాబితాల నుండి ఇంటర్నెట్ దాకా

1860 నవంబరు 16వ తేదీన 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుండి దర్బను రేవు చేరింది. అది మొదలు 1911 వరకు నేటాలుకు వచ్చిన ఒప్పంద కూలీలు 1,52,184 మంది. పొట్ట చేతబట్టుకొని విశాఖపట్నం, గంజాం, ఉత్తర ఆర్కాటు జిల్లాల నుండి వచ్చిన మన పూర్వీకులు వారిలో ఉన్నారు.

ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చి, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, గ్రామం, చివరకు ఒంటిమీది మచ్చలు కూడా ఓడ జాబితాలలో వ్రాశారు. చాలాకాలం బీరువాలలో ఉన్న ఆ జాబితాలను దర్బనులోని విశ్వవిద్యాలయ పత్రాల కేంద్రం ఇంటర్నెట్‌లో ఉంచింది.

ఇంటర్నెట్‌ను లోకులు వార్తలకు, వ్యాపారానికి, వినోదానికి వాడతారు. మనమూ వాడతాము. కాని మన ఇళ్ళలో ఎందరినో కంప్యూటరు ముందు కూర్చోబెట్టినది వేరొక ప్రశ్న: మనది ఏ ఊరు?

జవాబు అంత సులభంగా దొరకదు. ఆనాటి గుమాస్తాలు మన పేర్లను తమ చెవికి తోచినట్లు ఇంగ్లీషులో వ్రాసుకొన్నారు. అప్పన్న అని వెదికితే అప్పన్నలు ఎందరో! మన అప్పన్న ఎవరో తేల్చేది ఆ నంబరే. అది తాతగారి పెళ్ళి కాగితం మీదనో, అవ్వ ట్రంకుపెట్టెలోనో ఉండవచ్చు.

కనుక పిల్లలకు మా మనవి ఒక్కటే. కంప్యూటరును అడిగే ముందు ఇంట్లోని పెద్దలను అడగండి. జాబితా రేపు కూడా ఉంటుంది.