గంటకి 3.6 సెకన్లు

అమెరికాలో ఒక తెలుగు సంఘం అష్టావధానం పెట్టించిందనుకోండి. బొమ్మకి ఒక కెమెరా, మైకుల శబ్దానికి విడిగా ఒక రికార్డరు. ఫైళ్ళన్నీ హైదరాబాద్‌లో ఉన్న ఎడిటర్‌కి చేరాయి. అతను రెండిటినీ టైమ్‌లైన్ మీద పరిచి, మొదట్లో వినిపించిన చప్పట్ల దగ్గర కలిపాడు. ప్రార్థన పద్యం చక్కగా కుదిరింది. అరగంట దాటేసరికి అవధాని పెదవులు ముందు, మాట వెనక. గంట దగ్గరికి వచ్చేసరికి అప్రస్తుత ప్రసంగి జోకు వినపడకముందే తెర మీద సభంతా నవ్వేస్తోంది.

ఇలాంటప్పుడు ఎవరైనా మొదట చేసే పనులు తెలిసినవే. సాఫ్ట్‌వేర్ మూసి తెరుస్తారు. క్యాష్ ఖాళీ చేస్తారు. కంప్యూటర్ రీస్టార్ట్ చేస్తారు. ఫైలు పాడైందేమోనని మళ్ళీ డౌన్‌లోడ్ చేస్తారు. ఏదీ పనిచేయదు. ఎందుకంటే సాఫ్ట్‌వేర్‌కి ఏ జబ్బూ లేదు. తనకి చెప్పిన లెక్క ప్రకారమే అది నడుస్తోంది. తేడా ఆ లెక్కలో ఉంది, ఆ లెక్క వయసు డెబ్బై ఏళ్ళు దాటింది.

ముందు రోగ నిర్ధారణ. తేడా మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉంటే పెద్ద సంగతి కాదు, శబ్దాన్ని కాస్త జరిపితే చాలు. ఒకచోట ఎక్కువా ఒకచోట తక్కువా ఉంటే అది బహుశా ఫోన్‌తో తీసిన వీడియో. వెలుతురు తగ్గినా, ఫోన్ వేడెక్కినా ఫ్రేముల మధ్య వ్యవధి మారిపోతుంది కాబట్టి, దాన్ని ముందు స్థిరమైన ఫ్రేమ్ రేటుకి మార్చుకోవాలి. అలా కాకుండా సున్నా దగ్గర మొదలై మెల్లగా పెరుగుతూ పోతే, గంటకి ఎంత జారిందో కొలవండి. 3.6 సెకన్లు అయితే ఇక వెతకక్కర్లేదు. గంటలో వెయ్యోవంతు అది. సెకనుకి 29.97 ఫ్రేములతో తీసిన బొమ్మని ఎవరో 30 అనుకున్నారు.

అసలు ఈ 29.97 ఎక్కణ్ణుంచి వచ్చింది? 30 అని శుభ్రంగా పెట్టుకోవచ్చు కదా?

మొదట 30 అనే పెట్టుకున్నారు. 1941లో అమెరికా బ్లాక్ అండ్ వైట్ టీవీకి ప్రమాణం ఖాయం చేసినప్పుడు తెరకి 525 గీతలు, సెకనుకి 30 ఫ్రేములు అన్నారు. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్. అందులో సరిగ్గా సగం పెట్టుకుంటే కరెంటు వల్ల వచ్చే చారలు తెర మీద పాకకుండా ఉంటాయని ఆ లెక్క. తర్వాత రంగుల గొడవ మొదలైంది. సీబీఎస్ కంపెనీ తిరిగే రంగు చక్రంతో ఒక పద్ధతి తయారుచేసింది. 1950 అక్టోబరులో ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ దానికే అనుమతి ఇచ్చింది. రంగులు బాగానే ఉన్నాయి గానీ, అప్పటికే జనం ఇళ్ళలో ఉన్న టీవీల్లో ఆ ప్రసారం మామూలుగా కనిపించదు. పోటీదారు ఆర్‌సీఏ కోర్టుకెక్కింది. సుప్రీంకోర్టు దాకా వెళ్ళి ఓడిపోయింది. అయినా 1951లో సీబీఎస్ రంగుల ప్రసారం కొన్ని నెలలే నడిచి ఆగిపోయింది. ఇళ్ళలో చూస్తే కోటికి పైగా పాత సెట్లు. వాటినేం చేస్తారు?

1953 డిసెంబరు 17న ఎఫ్‌సీసీ ఒప్పుకున్న రెండో పద్ధతి ఈ ప్రశ్నకి జవాబు. రంగు సమాచారాన్ని పాత సిగ్నల్ లోపలే ఇరికించారు. రంగు టీవీ దాన్ని చదువుకుంటుంది, పాత టీవీ పట్టించుకోకుండా నలుపు తెలుపుల్లో చూపిస్తుంది. ఎవరి సెట్టూ మూలన పడదు. ఒక్క చిక్కొచ్చింది. కొత్తగా చేరిన రంగు తరంగమూ, ఎప్పటి నుంచో ఉన్న శబ్ద తరంగమూ ఒకదానికొకటి తగిలి తెర మీద సన్నటి చుక్కల చారలు తెస్తాయి. శబ్ద తరంగం 4.5 మెగాహెర్ట్జ్ దగ్గర ఉండేది. అది గీతల వేగానికి సరిగ్గా పూర్ణాంకం రెట్లు అయితే ఆ చారలు కంటికి ఆనవు. కానీ గీతలు సెకనుకి 15,750. భాగిస్తే 285.7 వస్తుంది. దాన్ని 286 చెయ్యాలి.

రెండు దారులున్నాయి. శబ్దాన్ని 4.5045కి జరపడం ఒకటి. అలా చేస్తే పాత సెట్లలో మాట సరిగా వినపడదేమోనని భయం. బొమ్మని వెయ్యోవంతు నెమ్మది చేయడం రెండోది. ఆ మాత్రం తేడాని పాత సెట్లు సర్దుకుపోతాయి. రెండోదే ఎంచుకున్నారు. గీతలు 15,734 అయ్యాయి, 30 కాస్తా 29.97 అయింది. చూసేవాళ్ళలో ఒక్కరికీ తెలియలేదు.

తెలిసింది ఎడిటర్లకి. 1967లో ఈకో అనే కాలిఫోర్నియా కంపెనీ వీడియో టేపు మీద ఒక్కో ఫ్రేముకీ నంబరు వేసే టైమ్‌కోడ్ తెచ్చింది. గంట, నిమిషం, సెకను, ఫ్రేము. సెకనుకి 30 అని లెక్కేస్తే గంటకి 1,08,000 నంబర్లు కావాలి. గంటలో నిజంగా నడిచే ఫ్రేములు 1,07,892. అంటే టైమ్‌కోడ్ గంట చూపించేసరికి గోడ గడియారంలో గంట దాటి 3.6 సెకన్లు. ప్రకటనలు సెకన్ల లెక్కన అమ్ముకునే టీవీ వాళ్ళకి ఇది కుదరదు.

దీనికి వాళ్ళు కనిపెట్టిన ఉపాయం మన పంచాంగం చూసేవాళ్ళకి కొత్తగా అనిపించదు. క్షయతిథి వచ్చినప్పుడు చవితి తర్వాత రోజుకి షష్ఠి అని పేరు పడుతుంది. పంచమి రోజు ఎక్కడికీ పోలేదు, లెక్కలో పేరు దాటేసింది, అంతే. డ్రాప్ ఫ్రేమ్ టైమ్‌కోడ్ కూడా అలాంటిదే. ప్రతి నిమిషం మొదట్లో 00, 01 అనే రెండు నంబర్లు దాటేస్తారు. పదేసి నిమిషాలకి ఒకసారి దాటకుండా వదిలేస్తారు. గంటలో 54 సార్లు రెండేసి, మొత్తం 108. లెక్క సరిపోయింది. పేరు చూసి కొత్త ఎడిటర్లు కంగారుపడతారు గానీ ఒక్క బొమ్మ కూడా పోదు, పోయేవి నంబర్లే.

సినిమా సంగతి చూస్తే అది 24 ఫ్రేములది. దాన్ని 29.97 టీవీలో చూపించాలంటే అదీ వెయ్యోవంతు తగ్గి 23.976 కావాలి. డిజిటల్ కెమెరాలకీ ఈ సంఖ్య వారసత్వంగా వచ్చింది. మెనూలో 23.98 అని కనిపిస్తుంది, కొన్నిచోట్ల 24 అనే పిలుస్తారు. థియేటర్‌కి వెళ్ళే కాపీ మాత్రం మామూలుగా అచ్చంగా 24. ఒకే పేరుతో తిరిగే ఈ ఇద్దరు కవలల దగ్గరే సగం గందరగోళాలు పుడతాయి.

మనకీ 29.97తో సంబంధం లేదు. మన కరెంటు 50 హెర్ట్జ్, మన టీవీ 25 ఫ్రేములు. 1982లో ఆసియా క్రీడల ఏడాది రంగులొచ్చినప్పుడు పాల్ పద్ధతి తీసుకున్నాం. అందులో వెయ్యోవంతు బాధ లేదు. దానికి బదులు ఇంకోటుంది. 24తో తీసిన సినిమాని 25తో ఆడిస్తే రెండున్నర గంటల బొమ్మ ఆరు నిమిషాల ముందే అయిపోతుంది. శబ్దాన్ని విడిగా సరిచేయకపోతే పాట శ్రుతి కూడా దాదాపు ముప్పాతిక అరస్వరం పైకి లేస్తుంది. అలాంటి కాపీలో ఘంటసాల పాట వింటూ కీబోర్డు మీద శ్రుతి పట్టబోతే ఈ మెట్టూ కాదు, ఆ మెట్టూ కాదు. గాయకుడి తప్పు కాదు, వాద్యం తప్పూ కాదు.

పాతవాళ్ళకి ఇచ్చిన మాట నిలబెట్టుకుంటే ఇంత ఖరీదా అనిపించొచ్చు. మాట తప్పితే ఏమవుతుందో 2011 జూన్ 21న తెలిసింది. ఆపిల్ ఆ రోజు ఫైనల్ కట్ ప్రో ఎక్స్ విడుదల చేసింది. పునాదుల నుంచి కొత్తగా రాసిన సాఫ్ట్‌వేర్, వేగంగా నడుస్తుంది. కానీ ఫైనల్ కట్ 7లో చేసిన ప్రాజెక్టుల్ని అది తెరవదు. మల్టీక్యామ్ లేదు. పాత వెర్షన్ అమ్మకం కూడా ఆపేశారు. సగంలో ఉన్న పనులతో ఎడిటర్లు నడివీధిలో నిలబడ్డారు. కోనన్ ఓబ్రయన్ షో ఎడిటర్లు టీవీలోనే దాన్ని ఆటపట్టించారు. మల్టీక్యామ్ 2012 జనవరికి వచ్చింది, ఈలోపు చాలామంది వేరే సాఫ్ట్‌వేర్‌కి వెళ్ళిపోయారు. 1953లో అప్పు చేసి అందరినీ కాపాడారు, వడ్డీ మనం ఇంకా కడుతున్నాం. 2011లో అప్పు వద్దనుకున్నారు, మొత్తం బిల్లు వాడేవాళ్ళ మీద ఒక్కరోజులో పడింది.

అమెరికాలో పెద్ద స్టేషన్ల అనలాగ్ ప్రసారాలు 2009 జూన్ 12న ఆగిపోయాయి. ఎవరి కోసం వెయ్యోవంతు తగ్గించారో ఆ సెట్లు లేవు, ఆ శబ్ద తరంగమూ లేదు. 29.97 మాత్రం ఉంది, ఎందుకంటే అప్పటికే యాభై ఏళ్ళ టేపులూ పరికరాలూ దాని మీదే కూర్చున్నాయి.

హైదరాబాద్ ఎడిటర్ పని చివరికి రెండు నిమిషాలే. ప్రీమియర్‌లో ఇంటర్‌ప్రెట్ ఫుటేజ్, రిజాల్వ్‌లో క్లిప్ అట్రిబ్యూట్స్. అక్కడ క్లిప్ ఎంత ఫ్రేమ్ రేటుగా చదువుతున్నారో చూసి, 30ని 29.97కి మారిస్తే పద్యం పెదవుల మీదకి తిరిగొస్తుంది. అసలు ఫైలు చేతిలో ఉంది కాబట్టి అది సాధ్యం. అసలు రీలు పోయి, 25తో నడిపిన కాపీ ఒక్కటే మిగిలి, ఆ సంగతి దాని మీద ఎవరూ రాయకపోతే? రేపు ఆ పాట నేర్చుకునే పిల్ల ఆ పైశ్రుతినే గాయకుడి శ్రుతి అనుకుంటుంది, సరిచేయాలని కూడా ఎవరికీ తోచదు. ఇంట్లో పాత టేపులు డిజిటల్ చేయిస్తుంటే తేదీ, ఊరు, మనుషుల పేర్లతోబాటు ఈ ఒక్క సంఖ్య కూడా రాసిపెట్టండి.