టాస్మాక్ బారు (ధర్మపురి)
తమిళనాడు ప్రభుత్వ మద్యం దుకాణాన్ని ఆనుకుని ఉండే తాగే చోటు. 1983లో ఏర్పడిన టాస్మాక్ సంస్థకు 2003 నవంబరులో చిల్లర అమ్మకాల గుత్తాధిపత్యం దక్కింది. సీసా అమ్మేది ప్రభుత్వం; బారు నడిపేది టెండరు పాడుకున్న ప్రైవేటు మనిషి. అతని రాబడి చిరుతిళ్ల మీద కాబట్టి అలంకరణకు ఖర్చు పెట్టడు. ఇనుప ఊచల సందులోంచి సీసా అందుకుని పక్కకు వస్తే రేకుల కప్పు, ప్లాస్టిక్ కుర్చీలు, తడి నేల. బల్ల మీద ఉడికిన గుడ్డు, శనగల సుండల్. ఎండాకాలంలో ఉప్పుకారం అద్దిన పచ్చిమామిడి ముక్కలు. ధర్మపురి మామిడికి పేరున్న సీమ మరి. చోటు ఎంత సాదాగా ఉన్నా గాలి, వెలుతురు, శుభ్రమైన మరుగుదొడ్డి కూలి డబ్బుతో వచ్చేవాడికీ దక్కాల్సినవే. గాంధీ జయంతి నాడు దుకాణంతో పాటు బారూ మూతపడుతుంది.